ఆల్ఫా వన్ స్టెర్న్‌డ్రైవ్: న్యూట్రల్‌కి లాగగానే ఇంజిన్ ఆగిపోతోంది – షిఫ్ట్ కేబుల్, బెలోస్ మార్చాలా?

చెరువుగట్టు (లూయిస్‌విల్ లేక్, టెక్సస్)

అందరికీ నమస్కారం. మాది 19 అడుగుల బోరైడర్, 2004 మోడల్. 4.3 లీటర్ల వి6 ఇంజిన్, మెర్క్రూజర్ ఆల్ఫా వన్ జెన్ 2 డ్రైవ్ (పడవ వెనక గోడకి బయట ఉండి ప్రొపెల్లర్‌ని తిప్పే భాగం). లేక్ మధ్యలో వేగంగా పోతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. డాక్ దగ్గరికొచ్చి ఫార్వర్డ్ నుంచి న్యూట్రల్‌కి లాగితే మాత్రం ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. తాళం తిప్పితే వెంటనే అందుకుంటుంది. లివర్ కూడా మునుపటికంటే బిగుసుకుపోయింది. పడవలో చిన్నపిల్లలు ఉంటారు. డాక్ ముందు రివర్స్ అందకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ట్రైలర్ మీదికి ఎక్కించి డ్రెయిన్ ప్లగ్ తీస్తే బిల్జ్‌లోంచి (పడవ అడుగుభాగం) మునుపు లేనన్ని నీళ్ళు వస్తున్నాయి.

ఒక షాపుకి ఫోన్ చేస్తే పడవ చూడకుండానే షిఫ్ట్ కేబుల్, మూడు బెలోస్ (డ్రైవ్ దగ్గరుండే మడతల రబ్బరు తొడుగులు), గింబల్ బేరింగ్ (డ్రైవ్ షాఫ్ట్‌ని మోసే బేరింగ్) అన్నీ మార్చాలన్నారు. కారు పనులు నేనే చేసుకుంటాను, పనిముట్లున్నాయి. అసలు తప్పు కేబుల్‌దేనా అని ఎలా తేల్చుకోవాలి? ఇంటి ముందు పెట్టుకుని చేసుకోగలిగిన పనేనా?

నట్టుబోల్టు (లేక్ నార్మన్, నార్త్ కరోలినా)

అన్నా, పార్ట్స్ ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. ముందుగాల ఏది గట్టిగైందో తెలుసుకో.

షిఫ్ట్‌కి రెండు కేబుల్స్ ఉంటయ్. లివర్ కాడికెంచి ఇంజిన్ మీద ఉన్న షిఫ్ట్ ప్లేట్ దాంక ఒకటి. అక్కడికెంచి వెనక గోడల నుంచి డ్రైవ్‌లకు పోయేది ఇంకోటి, దాన్ని కింది కేబుల్ అంటం. ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబుల పెట్టుకొని, షిఫ్ట్ ప్లేట్ కాడ లివర్ కేబుల్ ఊడదీసి లివర్ కదిలించి చూడు. అల్కగ కదిలితే ఆ కేబుల్ మంచిగున్నట్టే. ఇగ కింది కేబుల్ కొసను చేత్తోని ముందుకూ వెనక్కీ జరుపు. ఆ టైంల ఇంకొకరు ప్రొపెల్లర్‌ను మెల్లగ తిప్పుతుండాలె. లేకుంటే లోపల గేర్ పళ్ళు ఎదురెదురుగ తగిలి కేబుల్ జామైనట్టు అనిపిస్తది, బలం పెడితే ఏదో ఒకటి వంగుతది.

ఇంజిన్ ఎందుకు ఆగుతుందో కూడ చెప్త. ఆల్ఫాల గేర్ మారేది నీళ్ళల్ల ఉండే కింది భాగంల, డాగ్ క్లచ్‌తోని, అంటే పళ్ళు ఒకదాంట్ల ఒకటి చిక్కుకునే క్లచ్. బరువు మీదున్న పళ్ళు విడిపోవాలంటే ఇంజిన్ బలం ఒక్క క్షణం తగ్గాలె. అందుకే షిఫ్ట్ ప్లేట్ మీద ఇంటరప్టర్ స్విచ్ పెట్టిన్రు. కేబుల్ మీద ఒత్తిడి పడంగనే అది ఇగ్నిషన్‌ను లిప్తపాటు ఆపుతది, పళ్ళు విడిపోతయ్, ఇంజిన్ మళ్ళ అందుకుంటది. కింది కేబుల్ రాసుకుంటుంటే ఆ ఒత్తిడి పోదు, స్విచ్ నొక్కుకొనే ఉంటది, ఇంజిన్ ఆగిపోతది. నీ పడవ చేస్తున్నది అచ్చం గిదే.

కొందరు ఆ స్విచ్ వైరు పీకేసి తిరుగుతరు. కారణం తెలుసుకునేతందుకు ఒకసారి పీకి చూస్తే తప్పులేదు. అట్లనే వదిలేస్తే మాత్రం డాగ్ క్లచ్ అంచులు అరిగి, కొన్నాళ్ళకు గేర్ జారుడు మొదలైతది. కేబుల్ ఖర్చుకు భయపడి గేర్లు పోగొట్టుకున్నట్టైతది.

సముద్రపుగాలి (దుబాయ్, సొంతూరు కాకినాడ)

నట్టుబోల్టు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమండి. నేను మెరీనాలో ఇదే పని చేస్తాను. నా దృష్టి మాత్రం మీరు రెండో పేరాలో రాసిన నీళ్ళ మీదికి పోయింది. ఇంజిన్ ఆగితే తెడ్డేసుకుని ఒడ్డుకి రావచ్చు. నీళ్ళ సంగతి అలా కాదండి.

మీ డ్రైవ్‌కి మూడు బెలోస్ ఉంటాయి. పైనున్న పెద్దది యూజాయింట్ బెలోస్. దాని లోపల డ్రైవ్ షాఫ్ట్, లోపలి చివర గింబల్ బేరింగ్. కిందది ఎగ్జాస్ట్ బెలోస్. మూడోది చిన్నది, షిఫ్ట్ కేబుల్ చుట్టూ ఉంటుంది. ఎగ్జాస్ట్ బెలోస్ చిరిగితే పడవ మునగదండి, పొగ వెళ్ళే దారి అది. తక్కిన రెండిట్లో ఏది చిరిగినా మునుగుతుంది. షిఫ్ట్ కేబుల్ బెలోస్ చిన్నదే కదా అని జనం పట్టించుకోరు. అది చీలితే కేబుల్ వెంబడే నీళ్ళు నేరుగా పడవలోకి వస్తాయి. ట్రైలర్ మీదుండే పడవకి ప్లగ్ తీస్తే పోతాయి. స్లిప్‌లో, అంటే నీళ్ళలోనే, కట్టేసిన పడవకైతే బిల్జ్ పంపు తిరిగి తిరిగి బ్యాటరీ అయిపోతుంది, తెల్లారేసరికి పడవ అడుగునుంటుంది. అలా మునిగిన వాటిని బయటికి లాగే పని మేము చేశాం.

డ్రైవ్‌ని పైకెత్తి, చక్రం ఒక పక్కకి పూర్తిగా తిప్పి, టార్చి వేసి మడతల లోపల చూడండి. బెలోస్ చీలేది మడత లోపలే, పైనుంచి చూస్తే నున్నగానే కనిపిస్తుంది. వేలితో మడత విప్పితే చీలిక బయటపడుతుంది.

చెరువుగట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే చేశాను. లివర్ కేబుల్ వేలితో కదిలింది. కింది కేబుల్‌ని మా ఆవిడ ప్రొపెల్లర్ తిప్పుతుండగా కదిపి చూశాను. సగం దూరం వచ్చి పట్టేస్తోంది, తర్వాత జెర్కుతో కదులుతోంది. ఇంటరప్టర్ వైరు ఊడదీసి లేక్‌లో ఒకసారి పరీక్షిస్తే న్యూట్రల్‌లో ఆగలేదు. వైరు మళ్ళీ పెట్టేశాను.

బెలోస్ మడతలు విప్పి చూశాను. యూజాయింట్ బెలోస్ మీద సన్నటి గీతలున్నాయి గానీ చిరగలేదు. చిన్నది మాత్రం క్లాంపు పక్కనే చీలిపోయింది. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, కేబుల్ ఎందుకు బిగుసుకుందో రెండిటికీ అక్కడే జవాబు దొరికింది.

ఇప్పుడు ప్రశ్న. కేబుల్, చిన్న బెలోస్ రెండే మార్చి ఈ సీజన్ గడిపేయనా, అన్నీ ఒకేసారి మార్చనా?

తెరచాప (లేక్ లానియర్, జార్జియా)

నా అభిప్రాయం కొంచెం వేరు. డ్రైవ్ విప్పితే చాలు, బెల్ హౌసింగ్ (డ్రైవ్‌ని పడవ వెనక గోడకి కలిపే లోహపు భాగం) విప్పకుండానే కేబుల్ మార్చవచ్చు. కేబుల్ తొడుగు చివర బెల్ హౌసింగ్‌లోకి స్క్రూలాగా మరలతో బిగిసి ఉంటుంది. దానికోసమే చేసిన సాకెట్ ఒకటి దొరుకుతుంది, దాంతో విప్పవచ్చు. బెల్ హౌసింగ్‌ని పట్టి ఉంచే హింజ్ పిన్నుల జోలికి పోతే అవి రాకపోవచ్చు. మొదటిసారి చేసేవాళ్ళకి అక్కడే పని ఆగిపోతుంది. పడవ వేసవంతా ఇంటి ముందు పడి ఉంటుంది.

సముద్రపుగాలి

తెరచాప గారూ, కేబుల్ ఒక్కటే పోయుంటే మీ దారే మంచిదండి. ఈయన పడవకి చిన్న బెలోస్ చీలిపోయింది కదా. బెల్ హౌసింగ్ అక్కడుండగా ఆ సందులో చెయ్యి పెట్టి క్లాంపు సరిగ్గా కూర్చోబెట్టడం చాలా కష్టం. కూర్చుందో లేదో కళ్ళతో చూడలేరు. పడవ మునగకుండా ఆపే క్లాంపుని ఊహ మీద వదిలేయకూడదండి.

యూజాయింట్ బెలోస్ మీద గీతలు కూడా వచ్చేశాయి. రబ్బరు మెత్తదనం పోయాక ఎప్పుడు చీలుతుందో ఎవరూ చెప్పలేరు. డ్రైవ్ బయటికి వచ్చాక ఆ రబ్బరు ఖరీదు ఎంత, మళ్ళీ అదే శ్రమ పడటం ఎంత? అన్నీ మార్చేయండి. నా మాట ఇదే.

నట్టుబోల్టు

నేను గూడ అన్నీ మార్చుమంటనే చెప్త. పని ఎట్ల నడుస్తదో రాస్తున్న. నీ మోడల్‌కు సంబంధించిన సర్వీస్ మాన్యువల్ పక్కన పెట్టుకో, బోల్టు బిగింపు లెక్కలన్నీ అండ్లనే చూడు.

లివర్ ఫార్వర్డ్‌ల పెట్టు. ఆల్ఫా డ్రైవ్ తీసేటప్పుడూ ఎక్కించేటప్పుడూ గేర్ ఫార్వర్డ్‌లనే ఉండాలె, అప్పుడే షిఫ్ట్ షాఫ్ట్ కొక్కెం విడిపోతది, మళ్ళ కలుస్తది. బ్యాటరీ తీసెయ్. డ్రైవ్ నూనె వంపు. నూనె పాలలెక్క తెల్లగుంటే లోపలికి నీళ్ళు పోయినట్టు, సీల్స్ సంగతి వేరే చూడాలె. డ్రైవ్ పూర్తిగ కిందికి దించి, దాన్ని ఎత్తి దించే ట్రిమ్ సిలిండర్ల వెనక పిన్ను తీసి వాటిని పక్కకు కట్టెయ్. స్పీడోమీటర్ గొట్టం ఊడదీయ్. ఇగ ఆరు నట్లు, 5/8 అంగుళాల పానా. డ్రైవ్ బరువు ఒక్కడు మోసేది కాదు. కింద స్టాండో, చక్రాల జాకో పెట్టి, ఇద్దరు పట్టుకొని నిటారుగ వెనక్కి లాగుర్రి. అడ్డదిడ్డంగ లాగితే షాఫ్ట్ బరువంతా గింబల్ బేరింగ్ మీద పడతది.

డ్రైవ్ వచ్చినంక బేరింగ్‌ల వేలు పెట్టి తిప్పి చూడు. గరగరమంటే, తుప్పు రంగు కనిపిస్తే మార్చు. నున్నగ తిరుగుతుంటే ఉండనియ్. షాపోళ్ళు చూడకుండ చెప్పిన్రని కొత్తది వెయ్యనవసరం లేదు. మార్చాల్సొస్తే ఒక్కటి మతికుంచుకో: గ్రీజు వేసే రకమైతే బేరింగ్ చుట్టూ ఉన్న రింగు సందు గ్రీజు రంధ్రానికి ఎదురుగ రావాలె. లేకుంటే నువ్వెంత గ్రీజు కొట్టినా లోపలికి పోదు.

చెరువుగట్టు

డ్రైవ్ బయటికి వచ్చింది. నూనె శుభ్రంగా ఉంది. గింబల్ బేరింగ్ నున్నగా తిరుగుతోంది, దాన్ని కదపలేదు. హింజ్ పిన్నుల దగ్గర ఆగాను. తెరచాప గారు హెచ్చరించినట్టే ఎడమది కదలడం లేదు. ఇంపాక్ట్ రెంచ్ పెట్టినా రాలేదు.

సముద్రపుగాలి

మామూలు అలెన్ కీ పెట్టకండి, లోపలి అంచులు గుండ్రమైపోతే ఇక పిన్ను రాదు. హింజ్ పిన్ పనిముట్టు విడిగా అమ్ముతారు, అదే వాడండి, పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూసుకుని బలం పెట్టండి. తయారుచేసినప్పుడే మరలకి లాకింగ్ జిగురు వేస్తారు, అది వేడికే వదులుతుంది. చిన్న గ్యాస్ టార్చ్‌తో పిన్ను చుట్టూ లోహాన్ని కొద్దికొద్దిగా వేడి చెయ్యండి. దానికి ముందు ఇంజిన్ మూత తెరిచి, బ్లోయర్ తిప్పి, పెట్రోలు వాసన లేదని నిర్ధారించుకుని, ఆ తర్వాత బ్యాటరీ మళ్ళీ తీసేయండి. నీళ్ళ పైపు దగ్గర పెట్టుకోండి. బెలోస్ కాలినా ఫరవాలేదు, ఎలాగూ పారేసేవే. ట్రిమ్ సెన్సర్ వైర్లు మాత్రం పిన్నుల పక్కనే ఉంటాయి, వాటిని ముందే విప్పి పక్కకి తప్పించండి.

చెరువుగట్టు

వేడి చేసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేడి చేస్తే కదిలింది. బెల్ హౌసింగ్ చేతిలో ఉంది. చిన్న బెలోస్ పూర్తిగా రెండు ముక్కలు. కేబుల్ తొడుగు సరిగ్గా అది వంగే చోటే పగిలి, లోపలి తీగ తుప్పు పట్టి ఉంది. వర్షంలో వదిలేసిన సైకిల్ బ్రేకు తీగ ఎలా ఉంటుందో అలా ఉంది.

ఎగ్జాస్ట్‌కి బెలోస్ వెయ్యాలా, ట్యూబ్ వెయ్యాలా?

తెరచాప

ట్యూబ్. మూడింటిలోనూ ఎక్కించడానికి అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఎగ్జాస్ట్ బెలోసే. దాన్ని బెల్ హౌసింగ్ అంచు మీదికి లాగడానికి ఎక్స్‌పాండర్ పనిముట్టు కావాలి. ట్యూబ్‌కి ఒక వైపే క్లాంపు. చిరగదు, ఊడదు.

సముద్రపుగాలి

నేను బెలోసే వేస్తానండి. ట్యూబ్ వేస్తే డ్రైవ్ పైకెత్తినప్పుడు పొగ మధ్యలోనే బయటికి వచ్చేస్తుంది, చప్పుడు పెరుగుతుంది, ఆ మసి పైనున్న యూజాయింట్ బెలోస్ మీద పడుతుంది. మా దగ్గర పడవలు ఉప్పునీళ్ళలోనే ఉంటాయి, నత్తగుల్లలు పట్టేస్తాయి, ఏడాదికోసారి విప్పక తప్పదు. మీది మంచినీళ్ళ లేక్, పడవ ట్రైలర్ మీదుంటుంది. మీకు ట్యూబైనా నష్టం లేదు. చప్పుడు పట్టించుకోకపోతే వేసుకోండి.

జిగురు గురించి ఎవరూ రాయలేదు. పాత జిగురు, పాత రబ్బరు తొక్కలు, తుప్పు పొర అన్నీ గీకి, సాల్వెంట్‌తో తుడిచి లోహం మెరిసేదాకా శుభ్రం చెయ్యండి. సగం లీకులు కొత్త బెలోస్ వల్ల రావు, మురికి అంచు మీద కూర్చోబెట్టడం వల్ల వస్తాయి. మాన్యువల్ ఏ అంచుకి రాయమంటే ఆ అంచుకే బెలోస్ జిగురు రాయండి, రాసి దాదాపు పది నిమిషాలు ఆరనిచ్చి, వేలికి జిగటగా తగిలినప్పుడు ఎక్కించండి. తడిగా ఉండగా ఎక్కిస్తే అదే జారుడు పొర అయ్యి బెలోస్ జారిపోతుంది. సిలికాన్ వద్దు. రబ్బరు మీద పై వైపు గుర్తుంటే అది పైకే రావాలి.

క్లాంపుల స్క్రూ తల ఎటు ఉందో చూసుకోండి. డ్రైవ్ పెట్టకముందే బెల్ హౌసింగ్‌ని పైకీ కిందికీ ఎత్తి, రెండు పక్కలకీ చివరిదాకా తిప్పి, ఏ స్క్రూ తలా రబ్బరుకి రాసుకోవడం లేదని చూడండి. ఇది నా కొత్త కుర్రాళ్ళకి నేర్పే మొదటి పాఠం.

లంగరు (న్యూజెర్సీ)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాది ఇంకో కంపెనీ డ్రైవ్, వోల్వో పెంటా. ఈ ఇంటరప్టర్ స్విచ్ నాకు కనబడటం లేదు. ఎవరైనా తీసేశారా?

తెరచాప

లేదండీ, మీ డ్రైవ్‌కి దాని అవసరమే లేదు. వోల్వో పెంటాలో గేర్ మారేది పై భాగంలో, కోన్ క్లచ్‌తో. శంకువు ఆకారం ముక్కలు జారుతూ పట్టుకుంటాయి, ఇంజిన్‌ని ఆపాల్సిన పని లేదు. మెర్క్రూజర్ బ్రావోలో కూడా అంతే. ఇంజిన్ లోపలా డ్రైవ్ బయటా పెట్టే ఈ పద్ధతి 1959 న్యూయార్క్ బోట్ షోలో వోల్వో పెంటా ఆక్వామాటిక్‌తో జనంలోకి వచ్చింది. దాని వెనక ఉన్న జిమ్ విన్ అంతకుముందు మెర్క్యురీ సంస్థలో పనిచేసినవారు. మెర్క్యురీ వాళ్ళ మెర్క్రూజర్ 1961లో వచ్చింది. ఏ కంపెనీదైనా షాఫ్ట్ పడవ వెనక గోడలోంచి బయటికొచ్చి, అటూ ఇటూ, పైకీ కిందికీ కదలాల్సిందే, ఆ కదిలే చోట నీళ్ళని ఆపాల్సింది రబ్బరే. కాబట్టి మీ బెలోస్ కూడా చూసుకోండి.

చెరువుగట్టు

బెలోస్ రెండూ ఎక్కాయి, ఎగ్జాస్ట్‌కి ట్యూబ్ వేశాను. హింజ్ పిన్నులకి కొత్త లాకింగ్ జిగురు రాసి బిగించాను. కొత్త కేబుల్ లోపలికి తీసుకున్నాను. సర్దుబాటు ఎలా?

నట్టుబోల్టు

కేబుల్‌ను ఇంజిన్ వెనక నుంచి తెచ్చేటప్పుడు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు ఆనకుండ, కప్లర్‌కు తగలకుండ, ఎక్కడా చటుక్కున వంగకుండ తే. కప్లర్ ఇంజిన్‌ను డ్రైవ్ షాఫ్ట్‌తోని కలిపేది, తిరుగుతుంటది, తగిలిందంటే కేబుల్‌ను కోసేస్తది.

ఇంజిన్ దిక్కు కొసకు లోపలి తీగను పట్టుకునే ఇత్తడి ముక్క ఉంటది, దానికి చిన్న స్క్రూలు. తీగ పూర్తిగ లోపలికి పోయిందని కళ్ళతోని చూసినంకనే బిగించు. తీగ జారితే లేక్ నడుమ గేర్ పడకుండ పోతది. ఆ తర్వాత ఇత్తడి బ్యారెల్ నడిమధ్య నుంచి కొస రంధ్రం నడిమధ్య దాంక 6 అంగుళాలు, అంటే 152 మిల్లీమీటర్లు, పెట్టుకొని మొదలుపెట్టు. దాని మీదికెంచి మాన్యువల్ ప్రకారం లివర్ కేబుల్‌ను సరిచెయ్.

డ్రైవ్ ఎక్కించే ముందు అలైన్‌మెంట్ కడ్డీ ఒకటి అద్దెకు తెచ్చుకో. గింబల్ బేరింగ్‌ల నుంచి పోయి ఇంజిన్ కప్లర్ పళ్ళల్లకు అది రెండు వేళ్ళతోని జారాలె. సుత్తితోని కొట్టాల్సొస్తే ఇంజిన్ ముందు మౌంట్లు సరిచెయ్యాలె. కప్లర్ పళ్ళకు గ్రీజు, కొత్త ఓ రింగులు, కొత్త గాస్కెట్. గేర్ ఫార్వర్డ్‌ల ఉంచి, డ్రైవ్ లోపలికి పోతుంటే ప్రొపెల్లర్‌ను కొంచెం తిప్పు, పళ్ళు కలుస్తయ్. నట్లతోని గుంజి లోపలికి తేకు. ఆరు నట్లు 50 పౌండ్ అడుగులు, ఒకటి విడిచి ఒకటి.

అంతా అయినంక తాళంచెవి తీసి, ప్రొపెల్లర్ చేత్తోని తిప్పి చూడు. న్యూట్రల్‌ల రెండు దిక్కులా అల్కగ తిరగాలె. ఫార్వర్డ్‌ల ఒక దిక్కు పట్టుకోవాలె, రివర్స్‌ల దానికి ఎదురు దిక్కు.

చెరువుగట్టు

కడ్డీ చేత్తోనే లోపలికి జారింది. డ్రైవ్ ఎక్కింది. ఈ ఉదయం ర్యాంపు దగ్గర నీళ్ళలోకి దించి, పట్టీలు విప్పకుండా ట్రైలర్ మీదే ఉంచి, ఇంజిన్ మూత తెరిచి టార్చితో వెనక గోడ అంతా చూశాను. పొడిగా ఉంది. తర్వాత డాక్ పక్కన ఫార్వర్డ్, న్యూట్రల్, రివర్స్ మార్చి మార్చి చూశాను. ఇంజిన్ ఆగలేదు. షిఫ్ట్ చేసినప్పుడు ఇంజిన్ ఒక్క క్షణం తడబడి అందుకుంటోంది. ఇంటరప్టర్ పని అదే అని ఇప్పుడు అర్థమైంది. మీ అందరికీ మా ఇంటిల్లిపాదీ తరఫున ధన్యవాదాలు.

ఒక్క సందేహం. ఇంటి దగ్గర డ్రైవ్‌ని ఎత్తి ఉంచాలా, దించి ఉంచాలా?

సముద్రపుగాలి

చాలా సంతోషమండి. దించి ఉంచండి. ఎత్తి ఉంచితే బెలోస్ నెలల తరబడి ఒక పక్క నలిగి, ఒక పక్క సాగి ఉంటుంది, మడత అలాగే గట్టిపడి అక్కడే చీలుతుంది. రోడ్డు మీద లాగేటప్పుడు మాత్రం ఎత్తాలి. ఏడాదికోసారి డ్రైవ్ విప్పి యూజాయింట్లకి గ్రీజు, బేరింగ్, బెలోస్ చూడండి. ఆనోడ్లు (డ్రైవ్‌కి బదులు తామే కరిగిపోయే లోహపు ముక్కలు) మంచినీళ్ళకి మెగ్నీషియంవి, ఉప్పునీళ్ళకి జింకో అల్యూమినియమో. సగం కరిగితే మార్చేయండి.

తెరచాప

టెక్సస్‌లో ఇంకో మాట. టెక్సోమా లేక్‌లో 2009లో జీబ్రా మసెల్స్ (దేనికైనా అతుక్కుని పెరిగే చిన్న ఆల్చిప్పలు) కనబడ్డాక అవి చాలా లేకులకి పాకాయి. 2014 నుంచి ఆ రాష్ట్రంలో ఏ లేక్ నుంచి వచ్చినా పడవలోని నీళ్ళన్నీ వంపాకే బయల్దేరాలి, అది చట్టం. బెలోస్ మడతల్లో, ట్రాన్సమ్ (పడవ వెనక గోడ) సందుల్లో ఆ పిల్ల మసెల్స్ దాక్కుంటాయి. డ్రైవ్ కింది వరకూ దించి నీళ్ళు కారనిచ్చి, మడతలు కడిగి ఆరబెట్టండి. అదే సమయంలో రబ్బరు కూడా ఒకసారి కంటికి కనబడుతుంది.

పడవల బాబు (ఫ్రిస్కో, టెక్సస్)

ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను, మొదటిసారి రాస్తున్నాను. నాదీ ఆల్ఫా వన్, ఇవే లక్షణాలు. చెరువుగట్టు గారూ, మీరు దగ్గరే కదా, హింజ్ పిన్ పనిముట్టు, కేబుల్ సాకెట్ ఒక వారాంతం ఇవ్వగలరా?

చెరువుగట్టు

తప్పకుండా. శనివారం పొద్దున రండి, విడిగా సందేశం పెడుతున్నాను. ఎడమ పిన్ను రాకపోతే ఫోన్ చెయ్యండి, గ్యాస్ టార్చ్ తీసుకుని నేనే వస్తాను. ఒక్కటి మాత్రం ముందే చెయ్యండి, బయల్దేరేలోపు షిఫ్ట్ ప్లేట్ దగ్గర రెండు కేబుల్సూ ఊడదీసి ఏది పట్టేస్తోందో చూడండి. మీది లివర్ కేబులే అయితే డ్రైవ్ విప్పే పనే లేదు.